ఆకాశంలో ఏడు మెట్లు

మా దారాలక్కకి,

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, టీవీ ముందు చేరుతుందో తెలియదు గానీ, పెట్టె విప్పేటప్పుడు బావని మాత్రం నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టు. పోయినసారి ఫ్యాను పెట్టె కోస్తానని కత్తి పట్టుకుని, ఫ్యాను రెక్కకే గాటు పెట్టిన మహానుభావుడు. ఇది ఫ్యాను కాదు, నేను కళ్ళారా చూసి, ముద్ర వేసి, నీ కోసం పక్కన పెట్టించిన టీవీ. తెర మీద గీత పడిందంటే నీ చెల్లెలిలా కాదు, ఆయన మరదలిలా మాట్లాడతానని చెప్పు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు మిషను తొక్కుతూ "ఊ, ఊ" అంటావు. నాకు గోడతో మాట్లాడినట్టుంటుంది. ఉత్తరమైతే చచ్చినట్టు చదువుతావు.

ఇది మామూలు టీవీ కాదక్కా. ఎలా చెప్పను నీకు? నీ దారాల పెట్టె తెరువు. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా పన్నెండు రీళ్ళు వరసగా ఉంటాయి కదా. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో చూడగానే తెలిసిపోతుంది. అవే వెయ్యి రీళ్ళున్నాయనుకో. ఎక్కడా తెలియదు, లేతది అలా అలా ముదురులోకి వెళ్ళిపోతుంది. రంగుల లోతు అని మేమనేది దాన్నే. పాత టీవీల్లో ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి రెండొందల యాభై ఆరు ఛాయలు. నీ టీవీలో ఒక్కోదానికి వెయ్యీ ఇరవై నాలుగు. మూడూ కలిస్తే నూరు కోట్ల పైన రంగులు. నమ్మకం లేకపోతే బావని లెక్కపెట్టమను, ఎలాగూ రిటైరయ్యి ఊరికే కూర్చున్నారు.

మా ఫ్యాక్టరీలో ఆ లోతుని చూసేది నేను. చీకటి గది అంటారు గానీ నిజానికి బూడిద గది. గోడలు బూడిద, కుర్చీ బూడిద, నువ్వు మూడేళ్ళ కిందట కుట్టి పంపిన కోటు కూడా బూడిదే. ఎర్ర బట్టలు కట్టుకుని కూర్చుంటే ఆ ఎరుపు తెర మీద పడి, లేని తప్పు ఉన్నట్టు కనిపిస్తుంది. రోజూ లోపలికి వెళ్ళి పావుగంట ఊరికే కూర్చుంటాను, కళ్ళు అలవాటు పడాలి కదా. తర్వాత సాయంత్రం ఆకాశం బొమ్మ పెడతాను. కింద నారింజ, పైకి వెళ్ళేకొద్దీ నీలం. ఛాయలు తక్కువైతే ఆ మధ్యలో గీతలు గీతలుగా మెట్లు పడతాయి. మీటర్లు లేవా అంటే ఉన్నాయి. మీటరు ఒక చోట ఏ రంగు ఎంత ఉందో కొలుస్తుంది. ఒక ఛాయ పక్కదానిలోకి మెత్తగా జారిందా, గడప దాటినట్టు దాటిందా అన్నది మా దగ్గర ఇప్పటికీ కన్నే చెప్పాలి. మెట్లుంటే టీవీ వెనక్కి. లేకపోతే వెనక వైపు నా ముద్ర. ముద్ర ఏమిటో చూడు, చిన్న డేగ. నువ్వు పెట్టిన పేరే.

గొప్పలు చెప్పుకుంటోందనుకోకు గానీ, ఈ రెండు నెలల్లో నేను ఒక్క టీవీ కూడా వెనక్కి పంపలేదు. ఒకప్పుడు పదింట్లో రెండు తిప్పికొట్టేదాన్ని. ఇప్పుడు సరుకు అంత బాగా వస్తోంది. ఏ ఆకాశం పెట్టినా వెన్నలా ఉంది. పక్క గదిలో చూసే పొడుగాయన మాత్రం ఇంకా వారానికి నాలుగైదు వెనక్కి పంపుతూనే ఉన్నాడు. ఆయనకి మొదట్నుంచీ చాదస్తం.

ఆ ఆకాశం బొమ్మ పెన్‌డ్రైవులో పెట్టి రిమోటు పక్కనే ఉంచాను. తీరిగ్గా కూర్చుని చూసి, ఎలా ఉందో రాయి. "బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావో, వచ్చి టీవీ పట్టుకుపోతాను.

నీ డేగకన్ను

*

ఒసేయ్ డేగకన్నూ,

టీవీ క్షేమంగా వచ్చింది. పెట్టె నేనే విప్పాను. మీ బావ నాలుగడుగుల దూరంలో కూర్చుని సలహాలు ఇచ్చారు. గోడకి బిగించడానికి వచ్చిన మేస్త్రికి కూడా ఇచ్చారు. ఆయన పాపం ఓర్చుకున్నాడు.

ఇంత ఖరీదైన వస్తువు నాకెందుకే? ముక్కలు అతికి బతికే దర్జీదాన్ని. అయినా సంతోషంగా ఉంది. పక్కింటివాళ్ళు వచ్చి చూసి, "మీ చెల్లెలే చేసిందా?" అని అడిగారు. చేసింది కాదు, చూసింది అని చెప్పాను. చూస్తే జీతమిస్తారా అని నోరు తెరిచారు.

నువ్వు తీరిగ్గా చూసి రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. కోపం నీ ముక్కు మీదే ఉంటుందని తెలుసు, కాస్త పక్కన పెట్టి చదువు. ఆకాశం పెట్టాను. కింద నారింజ బాగుంది. పైన నీలం బాగుంది. మధ్యలో మెట్లున్నాయే. ఏడు. మొదట మీ బావ చెయ్యి పెట్టారేమో, మరకలనుకుని మెత్తటి గుడ్డతో తుడిచాను. కదల్లేదు. దగ్గరికి కుర్చీ లాక్కుని చూశాను, దూరంగా తలుపు దగ్గర నిలబడి చూశాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ చూశాను. ఏడే. మీ బావనడిగితే బ్రహ్మాండంగా ఉందన్నారు. ఆయనకి తెర మీద మనిషి కదిలితే చాలు.

నీ లెక్క ప్రకారం మెట్లుండకూడదు కదా. మరి ఎందుకున్నాయో నువ్వే చెప్పాలి.

ఇంకో సంగతి. పోయినసారి నువ్వొచ్చినప్పుడు అడుగుదామనుకుని ఊరుకున్నాను. రాత్రిపూట వీధి దీపాల చుట్టూ చక్రాల్లాంటివి కనిపిస్తున్నాయా నీకు? ఊరికే అడిగాను. నాలుగు రోజులు సెలవు పెట్టి రా. వచ్చేటప్పుడు ఆ కోటు తెచ్చుకో, బొత్తాల కాజాలు ఒకసారి చూడాలి.

మీ అక్క

*

అక్కకి,

మెట్లా? ఏడా?

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నేను ముద్ర వేసిన టీవీలో మెట్లున్నాయని ఈ ఫ్యాక్టరీలో ఇంతవరకూ ఒక్కడూ అనలేదు. ఎంతో ప్రేమగా, అన్నిట్లోకీ మంచిది ఏరి పంపితే, గుడ్డ పెట్టి తుడిచావా? నీ కుట్టుకి నేనెప్పుడైనా వంక పెట్టానా?

పెట్టలేదు. పెట్టాల్సినప్పుడు కూడా పెట్టలేదు. ఇప్పుడు చెప్తున్నాను విను. ఆ బూడిద కోటుకి నువ్వు కాజాలు నీలం దారంతో కుట్టావు. ఒకటి కాదు, అయిదూ. విప్పి చూడగానే నాకు మనసు అదోలా అయిపోయింది. చెప్తే చిన్నబుచ్చుకుంటావని, ఒక ఆదివారమంతా కూర్చుని నీ కుట్లు ఒక్కొక్కటే విప్పి, బజారుకెళ్ళి బూడిద దారం కొనుక్కొచ్చి నేనే కుట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. బూడిదకీ నీలానికీ తేడా తెలియని కళ్ళు నా టీవీలో మెట్లు లెక్కపెడతాయా? ముందు నువ్వు కళ్ళు చూపించుకో.

దీపాల చుట్టూ చక్రాలు ఎవరికైనా కనిపిస్తాయి. ఇది మంచు కాలం. కోటు బాగానే ఉంది, నువ్వేమీ చూడక్కర్లేదు.

నీ చెల్లెలు

*

అక్కా,

ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో పడిన చప్పుడు వినగానే, చెయ్యి పెట్టి తీసేసుకుందామనుకున్నాను. చెయ్యి పట్టలేదు. అక్కడే నిలబడి డబ్బాని చూస్తుంటే, పక్కనున్న టైర్ల కొట్టు ఆయన వచ్చి "ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగాడు. నోరు పోయింది నాయనా, అందామనుకున్నాను.

పదహారు రోజులైంది. నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే న్యాయం. కాజాల మాట ఈ జన్మలో నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పి చెప్పి అలాగా చెప్పాను? తిట్టదలుచుకుంటే తిట్టు, కానీ ముందు ఇది చదువు. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

నీకు ఉత్తరం వేసిన మర్నాడు, నీ టీవీతోపాటు వచ్చిన దాన్నే ఒకదాన్ని చీకటి గదిలో పెట్టించి, పొడుగాయన్ని పిలిచాను. ఎందుకో తెలుసా? నీ మీద సాక్ష్యానికి. "మా అక్క మెట్లున్నాయంటోంది, లేవని ఒక కాగితం మీద రాసివ్వండి, పంపిస్తాను" అన్నాను నవ్వుతూ. ఆయన చూశాడు. పావుగంట కూర్చుని, మళ్ళీ చూశాడు. అప్పుడు నా వైపు తిరిగి "మీకు కనిపించడం లేదా?" అన్నాడు, చాలా మెల్లిగా. లేదన్నాను. ఆయన లేచి తెర మీద వేలు పెట్టాడు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటూ కింద నుంచి పైకి వెళ్ళాడు. నాకు ఆయన వేలు కనిపిస్తోంది అక్కా. గోరు కనిపిస్తోంది. మెట్టు కనిపించడం లేదు.

తెరకి ముక్కు ఆనించి చూశాను, అయినా లేదు. "ఎప్పట్నుంచి అనుమానం మీకు?" అని అడిగాను. "రెండు నెలలైంది. మీకు ఎలా చెప్పాలో తెలియలేదు" అన్నాడు. చాదస్తం అన్నాను చూడు, ఆ మనిషిని.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళల్లోనూ శుక్లాలట. చిన్న పిల్లలా ఉంది ఆ డాక్టరు, ఓపిగ్గా చెప్పింది. కంటి లోపలి అద్దం పసుపు తిరిగి మసక బారిందట. పల్చటి టీ నీళ్ళలోంచి లోకాన్ని చూస్తున్నానట. మరీ ముఖ్యంగా నీలాల్లో తేడాలు తెలియవట. అందుకే ఏ ఆకాశం పెట్టినా నాకు వెన్నలా ఉంది. కన్ను చెడితే సరుకు బాగుపడిందనుకున్నాను! ఎవరికైనా జరుగుతుందా ఇలాంటిది? మసకబారిన కన్ను వేసుకుని, రెండు నెలలు తల ఎగరేసుకుని తిరిగాను.

ఆపరేషను చేస్తే సరిపోతుందంది. సరే, చేస్తారు. కానీ లోపల పెట్టేది కొత్త అద్దం కదా. దానితో చూసేది నా చూపేనా? నాకు పెద్ద చదువు లేదు, నోరు తప్ప ఇంకే తెలివీ లేదు. ఉన్నదల్లా ఈ కన్ను. ఇదీ నువ్విచ్చిందే. ఏడేళ్ళప్పుడు కిటికీ పక్కన నీ మిషను దగ్గర కూర్చోబెట్టుకుని, రెండు దారాలు చేతిలో పెట్టి "ఏది ముదురు?" అని అడిగేదానివి. సరిగ్గా చెప్తే నీ బొత్తాల డబ్బాలోంచి ఒక బొత్తాం. అమ్మ నన్ను మొద్దు అంటే, "దానికి డేగ కళ్ళమ్మా" అని నువ్వు అన్న రోజు నాకిప్పటికీ గుర్తుంది. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చోను?

అందుకే మానేస్తున్నాను. కాగితం రాసేశాను. మోకాళ్ళ నొప్పులని రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది. శుక్రవారం ఇచ్చేస్తాను. పొడుగాయన బయట పెట్టే మనిషి కాదు, మీరే చెప్పుకోండి అన్నాడు. నీ టీవీ వచ్చిన విడతలో నేను ముద్ర వేసినవి ఎనభై నాలుగు. అరవై ఒకటి ఇంకా గోడౌనులోనే ఉన్నాయి. ఇరవై మూడు ఇళ్ళకి వెళ్ళిపోయాయి, నీదీ అందులోదే. అన్నిటికీ మెట్లుంటాయి, ఒకే విడత కదా. చెప్పాలా అని రోజూ అనుకుంటున్నాను. ఆకాశాన్ని అంత పట్టి పట్టి ఎవరు చూస్తారు చెప్పు? బావ చూశారా? డేగ గుడ్డిదయిందని ఫ్యాక్టరీ అంతా నవ్వుకోవడం కంటే, మోకాళ్ళు పోయాయని జాలిపడటం నయం.

కోటు సంగతి మనసులో పెట్టుకోకు. అది కోపంలో అన్న మాట. నీ కుట్టు లాంటి కుట్టు లోకంలో లేదు.

నీ చెల్లెలు (ఇంక ఆ పేరు రాసుకోవడానికి సిగ్గుగా ఉంది)

*

ఒసే పిచ్చిదానా,

ఇది పోస్టులో వేస్తే శుక్రవారానికి అందదని మీ బావని బస్‌స్టాండుకి తరుముతున్నాను. డ్రైవరు చేతికిచ్చి, మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇవ్వమని పది సార్లు చెప్పి వస్తారు. సలహాలివ్వడం ఆయనకి ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

మోకాళ్ళా? పోయినసారి మా ఇంటి మూడంతస్తులూ సంచి ఎత్తుకుని ఎక్కావు. అబద్ధమాడినా అతికినట్టుండాలే.

నేను జవాబు రాయనిది కోపంతో కాదు. మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లు చింపాను. సిగ్గేసింది. ఎందుకో ఇప్పుడు చెప్తాను, నిమ్మళంగా కూర్చుని చదువు.

కిందటేడు నాకు రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. నీకు చెప్పలేదు. మీ బావ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. దారాలక్కకి దారం రంగు తెలియడం లేదంటే నువ్వు నన్ను జాలిగా చూస్తావని భయం. రంగులు నేర్పినదాన్ని నేను, నీ దగ్గర తగ్గాలా అని పొగరు కూడా. తర్వాత ఆరు నెలల కిందట నువ్వొచ్చావు, ఆ కోటు వేసుకుని. తలుపు తీయగానే నీ ముఖం కంటే ముందు కాజాలే చూశాను, దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది? అవి నా కుట్లు కావు. నీ కుట్టు చిన్నప్పట్నుంచీ ఎడమకి వాలుతుంది. విప్పి కుట్టుకున్నావని తెలిసిపోయింది. నేనేదో తప్పు దారం వేసి ఉంటానని అర్థమైంది. "కాళ్ళు కడుక్కో" అని నిన్ను పంపేసి, వంటింట్లో ఏడ్చాను. నువ్వు వచ్చి అడిగితే ఉల్లిపాయలన్నాను. కత్తిపీట మీద ఉల్లిపాయే లేదు. నువ్వది కూడా చూడలేదు.

ఇంకోటి కూడా చూశాను ఆ రోజు. నువ్వు వేసిన దారమూ నీలమే, నా చెల్లీ. నేను వేసినంత నీలం కాకపోవచ్చు. కానీ బూడిద మాత్రం కాదు.

అప్పుడే తెలిసింది నాకు నీ కళ్ళ సంగతి. ఆ క్షణమే చెవి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాల్సింది. లాక్కెళ్ళలేదు. చిన్నబుచ్చుకుంటావని కొంత. నా తప్పు నాకు చెప్పని మనిషికి నేనెందుకు చెప్పాలని పంతం కొంత. నీ టీవీ వచ్చి, అందులో మెట్లు కనిపిస్తే, కాజాల మాట ఎత్తక్కర్లేకుండా చెప్పొచ్చు కదా అని సంబరపడ్డాను. ఆరు నెలలు ఆలస్యంగా, అదీ డొంకతిరుగుడుగా. ఆ ఎనభై నాలుగింట్లో సగం తప్పు నాదే. నువ్వు నా కుట్లు విప్పే బదులు నా ముఖం మీద చెప్పి ఉంటే, నా కళ్ళు రెండేళ్ళ ముందే బాగుపడేవి. నేను చెప్పి ఉంటే నీ కుర్చీ నీకుండేది. ఒకరి మనసు ఒకరం నొప్పించకూడదని ఇద్దరం ఎంత చక్కగా గుడ్డివాళ్ళమయ్యామో చూడు.

ఎవరు చూస్తారు అంటున్నావు. నేను చూశాను. బట్టకి లోపలి వైపు ఎవరు చూస్తారని నేనెప్పుడైనా లోపలి కుట్లు వదిలేశానా? నువ్వు చూడలేక వేసిన ముద్రలకి నిన్నెవరూ ఏమీ అనరు. తెలిశాక ఊరుకుంటే మాత్రం నేనే అంటాను. ఆ మోకాళ్ళ కాగితం చింపి, మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. నవ్వేవాళ్ళని నవ్వనీ. పళ్ళున్నాయి, నవ్వుతారు.

ఆపరేషనుకి భయపడకు. కట్టు విప్పి ఇంటికి రాగానే నేను ముందు తెరిచింది దారాల పెట్టె. అంతకుముందు నీలాలు పన్నెండు కొని, ఎందుకో తొమ్మిదే ఉన్నాయనుకుని, మూడు రీళ్ళు ఒకే రంగని పక్క డబ్బాలో పడేశాను. ఆ రోజు తీసి పెడితే ఒక్కోటీ తన చోట తను కూర్చుంది. చూపు కొత్తదేమీ కాదే. నా పన్నెండు నీలాలు నాకు తిరిగొచ్చాయి. నీ వెయ్యీ నీకొస్తాయి.

అక్క

*

మా దారాలక్కకి,

డ్రైవరు గేటు దగ్గర ఉత్తరమిచ్చి, "మీ బావగారు పదకొండో సారి కూడా చెప్పారండీ" అన్నాడు.

గేటు దగ్గరే నిలబడి చదివాను. ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. కాపలా ఆయన కుర్చీ తెచ్చి వేశాడు. తర్వాత లేచి మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను, కళ్ళ సంగతీ, ఎనభై నాలుగూ. ఈ రెండు నెలల్లో నేను చూసిన మిగతా టీవీలు కూడా మళ్ళీ చూడమని ఆయన పొడుగాయనకి చెప్పాడు. తర్వాత గోడౌను తాళాలు తెప్పించాడు. ఆ విడత టీవీల లోపలి సర్క్యూటు బోర్డు వేరే రకానిది వచ్చిందట, వెయ్యి ఛాయల బొమ్మని రెండొందల యాభై ఆరుకి కుదించేస్తోందట. ఇళ్ళకి వెళ్ళినవాటికి మనుషుల్ని పంపి మారుస్తున్నారు, నీకూ వస్తారు, బావని దూరంగా ఉంచు. గోడౌనులో ఉన్న అరవై ఒక్క డేగల్నీ నా గోటితోనే గీకేశాను. ఎవరూ నవ్వలేదు. పొడుగాయన కూడా వచ్చి పక్కన కూర్చుని గీకాడు. రెండో కన్ను కూడా అయ్యాక పరీక్ష పెడతారట, నెగ్గితే నా కుర్చీ నాకు. నెగ్గకపోతే ఆ రోజు చూసుకుందాం.

కుడి కన్ను అయింది. ఎడమది వచ్చే నెల. ఇప్పుడు నా అవస్థ చూస్తే నవ్వుతావు. ఎడమ కన్ను మూస్తే లోకం కడిగి ఆరేసినట్టుంది. కుడిది మూస్తే మళ్ళీ టీ నీళ్ళు. దారిలో నడుస్తూ ఇదీ అదీ మూసి చూసుకుంటుంటే, ఎదురొచ్చిన పెద్దమనిషి కన్ను కొడుతున్నాననుకుని పక్క వీధిలోకి పారిపోయాడు.

నిన్న చీకటి గదికి వెళ్ళి, నీ టీవీ విడతలోదే పెట్టించుకుని ఆకాశం చూశాను, కొత్త కంటితో. ఏడు కాదక్కా, తొమ్మిది. పైన ముదురు నీలంలో రెండు నువ్వు వదిలేశావు. పొడుగాయన్ని పిలిచి చూపిస్తే, కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుని, అవునన్నాడు.

తర్వాత బయటికొచ్చి, ఎండలో నిలబడి కోటు చూసుకున్నాను. నిజమే, నీలమే. అయిదు కాజాలూ నీలం, అయిదూ ఎడమకి వాలి ఉన్నాయి. ఇంత ఘోరంగా కుట్టిన కోటు వేసుకుని, మూడేళ్ళు అందరి టీవీలకీ వంకలు పెట్టాను.

ఈసారి నేను విప్పలేదు. ఆదివారం పొద్దున్న బస్సుకి ఆ కోటు వేసుకునే వస్తున్నాను. నీ మిషను కిటికీ పక్కన వెయ్యి, దారాల పెట్టె తీసి ఉంచు. దారం నేను ఎంచుతాను, నువ్వు కుట్టు. నేను తప్పు ఎంచితే తప్పని చెప్పు. నీ కుట్టు వంకరైతే నేనూ చెప్తాను. సరిగ్గా ఎంచానా, నాకు బొత్తాం ఇవ్వాలి.

నీ డేగకన్ను
(ప్రస్తుతానికి ఒక కన్నే)